ప్లేటుకు అవతల ఎవరు?

ఫజానా, ఫిబ్రవరి 11

ప్రియమైన నెవియా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన రంగుల కాగితమూ అందాయి. కాగితం మీద ఒక కుర్రాడు కళ్లకు పెట్టె బిగించుకుని, చేతిలో వెల్డింగ్ హోల్డర్ పట్టుకుని నవ్వుతున్నాడు. నేను నలభై రెండేళ్లు ఓడల్లో వెల్డింగ్ చేశాను. నవ్వుతూ వెల్డింగ్ చేసినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. నవ్వితే నోట్లో నిప్పురవ్వ పడుతుంది.

ఫోన్ ఎందుకు ఎత్తవని అడిగావు. ఎత్తుతూనే ఉన్నాను. బకెట్లో ఎవరో గులకరాళ్లు తిప్పుతున్నట్టు వినబడుతుంది. పోర్తిచ్ ఓడల యార్డు నా చెవులు ఉంచుకుని నన్ను ఇంటికి పంపింది. అందుకని నాతో మాట్లాడాలంటే కాగితం మీదే మాట్లాడు. కాగితం మీద నీ గొంతు నాకు బాగానే వినబడుతుంది.

ఇక నువ్వడిగిన విషయం. రియేకా వచ్చి, మీ బడిలో ఆ కళ్లద్దాలు పెట్టుకుని వెల్డింగ్ చేస్తే, నా చేతి కదలికను యంత్రం రాసుకుంటుందన్నావు. లేని ఓడలో, లేని మంటతో, లేని ఇనుము అతికించడానికి ఉన్న చెయ్యి ఎందుకమ్మా? లేనిదాన్ని అమ్ముకునేవాళ్లు చరిత్రలో ఎప్పుడూ ఉన్నారు. నా అరలో పన్నెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం ఉంది, అన్నీ చదివాను. వెనిస్ వాళ్లు ఈ తీరంలో చెట్లన్నీ నరికి ఓడలు కట్టుకున్నారు. దొంగలే, కానీ వాళ్ల ఓడలు తేలాయి.

ఆ కాగితం వెనక సలహాదారు అని వేసిన ఫోటో చూశాను. రొమానో డెలూకా! ఎనభై ఏళ్లు నిండినా జుట్టుకు రంగు మానలేదు. ఈ మనిషి మా ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు, ట్యాంకులోకి తొంగి కూడా చూడకుండా అనుమతి పత్రం మీద సంతకం గీకితే, ఆ ట్యాంకులోనే మీ అమ్మ తమ్ముడు కాలిపోయాడని నువ్వు మరిచిపోయావా? లుచానో మామయ్య భుజాల మీద ఎక్కి నువ్వు అత్తిపళ్లు కోసేదానివి. అలాంటివాడి పక్కన నన్ను నిలబెడతావా?

ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. మీ యంత్రంలో, మంట వెలిగించే ముందు ప్లేటును మూడుసార్లు కొడతారా?

చలికాలపు బూరా గాలికి పైకప్పు పెంకులు రెండు పోయాయి. నేనింకా పోలేదు.

నీ నాన్న,
జ్వానే

*

రియేకా, ఫిబ్రవరి 20

ప్రియమైన నాన్నకు,

కొట్టరు. ఎందుకు కొట్టాలో నాకూ తెలియదు. రొమానో గారిని అడిగితే, "మీ నాన్ననే అడుగు. వాడికి నాకంటే బాగా తెలుసు" అన్నాడు. నువ్వన్నది నిజమే, జుట్టుకు రంగు వేస్తాడు. మనిషి మాత్రం నువ్వు ఇన్నేళ్లూ చెప్పినంత కోతలరాయుడు కాదు, రోజంతా నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

నువ్వు లేని ఓడ అంటున్నావు కానీ, సగమే లేదు నాన్నా. హోల్డర్ నిజం, దాని బరువు నిజం. ఎదుట స్టాండుకు బిగించిన ఇనుప ప్లేటు నిజం. అద్దాల్లోంచి నీ చేతులు నీకు కనబడతాయి. అద్దాలు కలిపేది మంట, పొగ, కరిగే లోహం, చుట్టూ ఓడ కడుపు. చెయ్యి వణికితే అతుకు వంకర పోతుంది. తప్పు చేస్తే ఇనుము వృథా కాదు, కళ్లు పోవు. వందసార్లు తప్పు చేయొచ్చు. నీకు ఎన్ని తప్పులకు అవకాశం ఇచ్చారు?

నేర్చుకునేవాళ్లు పదిమంది ఉన్నారు. తేయా అనే అమ్మాయి నిన్నటిదాకా జుట్టు కత్తిరించేది. తలపైన ప్లేటు పెట్టి చేసే అతుకులో నూటికి తొంభై ఏడు తెచ్చుకుంది. బ్రూనో యాభై ఏళ్ల బస్సు డ్రైవరు. "ముప్పై ఏళ్లు జనాన్ని కూరాను, ఇప్పుడు ఇనుము కూరుతా" అంటాడు. తేయా వాడి వీపు మీద కొట్టి, "ముందు నీ పొట్ట ఆ ట్యాంకు రంధ్రంలో కూరు, చూద్దాం" అంటుంది. నీకు నచ్చుతారు. నచ్చరని రాస్తావు, నాకు తెలుసు.

జూన్ 10న ఈ పదిమందీ నిజమైన ఓడలోకి వెళతారు. వాళ్ల గురించే నా భయం. ఆ మూడు దెబ్బలేమిటో రాయి.

లుచానో మామయ్యను మరిచిపోలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ అత్తిచెట్టు కిందికి మళ్లీ వెళ్లలేదన్నదీ మరిచిపోలేదు.

ముద్దులతో,
నెవియా

*

ఫజానా, మార్చి 1

ప్రియమైన నెవియా,

ఈ ఉత్తరం మీ బడి డైరెక్టరమ్మకు కూడా చదివి వినిపించు.

ఓడ లోపల గోడలన్నీ ఇనుప ప్లేట్లే. ఇవతల నువ్వు మంట పెడితే అవతల ప్లేటు ఎర్రబడుతుంది. అవతల ఏముందో నీకు కనబడదు. నూనె గుడ్డలు ఉండొచ్చు. అప్పుడే రంగు పూసిన ట్యాంకు ఉండొచ్చు, దాని ఆవిరి అగ్గిపుల్ల కోసం కాచుకుని ఉంటుంది. మనిషి ఉండొచ్చు. అనుమతి పత్రంలో "అవతల ఖాళీ" అని రాసి ఉంటుంది. పత్రం పొద్దున ఏడుకు రాస్తారు, మనుషులు రోజంతా తిరుగుతారు.

అందుకని పోర్తిచ్‌లో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఇంజనీరూ నేర్పలేదు. రాడ్ వెలిగించే ముందు అతుకు పెచ్చులు రాల్చే చిప్పింగ్ సుత్తితో ప్లేటును మూడుసార్లు కొట్టాలి. ఎడమ అరచేయి ప్లేటుకు ఆనించి ఇరవై లెక్కపెట్టాలి. చెవితో కాదు, చేత్తో వినాలి, యార్డులో చెవులున్నవాడెవడు? అవతల మనిషుంటే చేతిలో ఏది ఉంటే దాంతో రెండు దెబ్బలు వెనక్కి కొడతాడు. రెండు వచ్చాయా, హోల్డర్ కింద పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి వాడి మొహం చూసి రావాలి. అంతే. చదువుకున్నవాళ్లకు అర్థం కావడానికి ఇంతకంటే తేలిగ్గా చెప్పలేను.

ఈ పద్ధతిని పాడుచేసినవాడు రొమానో. వాడికది ఆట. మరెండా వేళకు, అంటే పదింటికి మేమంతా సార్డీన్ చేపలూ రొట్టే తినడానికి లేవబోయేముందు, అవతలికి పోయి ఊరికే రెండు దెబ్బలు కొట్టేవాడు. మేం హోల్డర్ దించి, ట్యాంకు ట్యాంకూ పాకుతూ చుట్టూ తిరిగి వెళ్లేసరికి అక్కడ ఎవరూ ఉండరు. వాడు డెక్కు మీద మా రొట్టె తింటూ, "ఏరా జ్వానే, ఎలుకలు కొట్టాయా?" అనేవాడు. జవాబుకున్న విలువను అలా నవ్వి నవ్వి అరగదీశాడు.

లుచానో రంగు పనివాడు. ఆ రోజు పొద్దున ట్యాంకులో పని ముగించి బయటికొచ్చి, ఒక మూల పూత వదిలేశానని మళ్లీ లోపలికెళ్లాడు. నేను ఇవతల ఉన్నాను. మూడు కొట్టాను. ఇరవై లెక్కపెట్టాను. జవాబు రాలేదు. విచారణలో కూడా ఇదే చెప్పాను, రాసి ఉంది. ఫోర్‌మన్ కాపలా మనిషిని పెట్టి ఉంటే లుచానో లోపలికెళ్లేవాడు కాదు. రొమానోను స్టోరుకు దింపారు. తక్కువే చేశారు.

జూన్ 10కి ముందు ఆ పద్ధతి మీ యంత్రంలో ఉండాలి. లేకపోతే నేను మీ బడి గేటు ముందు నిలబడి, సుత్తితో గేటును కొడతాను. డెబ్బై ఎనిమిదేళ్లు నాకు. జైలు కూడా చూడాలని ఉంది, అక్కడ గ్రంథాలయం బాగుంటుందట.

ఒక్క రోజు వస్తాను. రొమానో ఆ రోజు ఉండకూడదు.

నీ మొండి నాన్న,
జ్వానే

*

రియేకా, మార్చి 18

ప్రియమైన నాన్నకు,

నువ్వు బడిలో వదిలేసి పోయిన కోటు నా దగ్గరే ఉంది. చలిలో చొక్కాతో బస్సెక్కావని గేటు కాపలావాడు చెప్పాడు. చేరినట్టు రెండు మాటలు రాయి.

ముందు నలభై ఒకటి సంగతి. నూటికి నీకు నలభై ఒకటి వచ్చిందని బ్రూనో నవ్వాడు, "బార్బా, పెద్దాయనా, బస్సు నడపడం నేర్పమంటారా?" అన్నాడు. నువ్వు వాడి పెదాలు చదివి వెంటనే, "నీ బస్సు నేనెక్కాను, అందుకే చెవులు పోయాయి" అన్నావు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఎంత సంతోషమైందో. ఆ సాయంత్రం నీ అతుకును కోణం కోణంగా చూశాను. ఒక్క లోపం లేదు. నువ్వు మోచెయ్యి మోకాలికి ఆనించి, ఎడమ చేత్తో చేశావు. నిటారుగా నిలబడ్డ మనిషిని తప్ప యంత్రం ఎవర్నీ ఎరగదు. తప్పు దానిదే, సరిచేస్తున్నాను. తేయా అప్పుడే నీలాగా మోకాలికి ఆనించి చేస్తోంది.

తర్వాతి సంగతే నాకు అర్థం కావడం లేదు.

నీకు చెప్పకుండా ఒకటి చేశాను, సంతోషిస్తావనుకున్నాను. ప్లేటు వెనక ఒక చిన్న సుత్తి అమర్చి, యంత్రానికి కలిపాను. కొన్నిసార్లు నిశ్శబ్దం, కొన్నిసార్లు జవాబు. నువ్వు ట్యాంకు పాఠంలో మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు కొట్టావు. అరచెయ్యి ఆనించావు. నీ పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నావు. ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో వెనక నుంచి రెండు దెబ్బలు వచ్చాయి.

నీ చేతిలోంచి హోల్డర్ పడిపోయింది. అద్దాలు తీసేశావు. మొహం సున్నంలా ఉంది. నేను, "నాన్నా, అది నేను పెట్టిందే" అంటున్నాను, నువ్వు వినలేదు. వెళ్లిపోయావు.

జవాబు వచ్చేలా పెట్టమన్నది రొమానో గారే. "ఉత్త నిశ్శబ్దమైతే ఎవడైనా లెక్కపెడతాడు. జవాబొచ్చినప్పుడు చెయ్యి ఆగాలి. పనంటే అదీ" అన్నాడు. ఆయన పేరు చెబితే నువ్వు ముట్టుకోవని చెప్పలేదు. అందుకు క్షమించు.

ఇంకొకటి. ఒక్కో అతుక్కీ అర నిమిషం పోతోందనీ, మార్కులు పడిపోతున్నాయనీ డైరెక్టరమ్మ దాన్ని తీసేయమంటోంది. "పుస్తకంలో లేనిది పాఠంలో ఎలా పెడతాం నెవియా? మీ నాన్నగారు చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టమను, ఉంచుతాను" అంది. మే 1 దాకా గడువు ఇచ్చింది. నీకిది ఎంతసేపు? ఒక్క పేజీ.

ముద్దులతో,
నెవియా

*

ఫజానా, ఏప్రిల్ 2

ప్రియమైన నెవియా,

చేరాను. కోటు అక్కడే ఉంచు, ఎండలు వస్తున్నాయి. ఆలివ్ కొమ్మలు కత్తిరించడం అయింది. రెండు సీసాల నూనె పక్కింటివాళ్లబ్బాయి కారులో పంపుతున్నాను. తేయాకు ఒకటివ్వు. బ్రూనోకు ఇవ్వకు.

పేజీ విషయం: చేతి వేళ్లు పట్టేశాయి, రాయలేను. ఈ ఉత్తరం ఎలా రాశానని అడగకు. విచారణ కాగితాలు ఎక్కడో ఉంటాయి, వాటిని తెప్పించుకోండి. అందులో అన్నీ ఉన్నాయి. ఫోర్‌మన్ సంతకం తప్పు, కాపలా లేదు. అది చాలదా?

చనిపోయినవాడి దెబ్బలు మరలు తిప్పి వినిపించడం మంచి పని కాదు. మీ యంత్రానికి సిగ్గులేదు.

నాన్న

*

రియేకా, ఏప్రిల్ 17

ప్రియమైన నాన్నకు,

విచారణ కాగితాలు చదివాను. వాటిలో నీ మాట "జవాబు రాలేదు" అని ఒక్క వాక్యమే ఉంది. అది డైరెక్టరమ్మ వాదనకే పనికొచ్చింది. "చూశావా? కొట్టాడు, లెక్కపెట్టాడు, అయినా మనిషి పోయాడు. ఇక ఈ కొట్టడం ఎందుకు?" అంది.

నిన్న జరిగింది రాస్తాను, తర్వాత నీ ఇష్టం.

తేయా ట్యాంకు పాఠంలో పరీక్ష ఇస్తోంది. మూడు కొట్టింది, లెక్కపెట్టింది. జవాబు వచ్చింది. ఒక్క క్షణం ఆగింది, వెనక్కి చూసింది, నవ్వింది, రాడ్ వెలిగించింది. అద్దాల్లో ట్యాంకు భగ్గుమంది. యంత్రం సున్నా వేసింది.

"ఎందుకు వెలిగించావు?" అని అరిచాను.

"బ్రూనో ఆటపట్టిస్తున్నాడనుకున్నానండీ. పొద్దుట్నుంచీ వాడు వెనక తిరుగుతూ అలాగే కొడుతున్నాడు."

"నేను కాదు మొర్రో! నేను కాఫీ దగ్గరున్నా" అన్నాడు బ్రూనో.

"అయినా అద్దాల్లో ఎవరు చస్తారు నెవియా గారూ?" అంది తేయా.

రొమానో గారు మూల కుర్చీలో ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి నాన్నా. నాకు ఏమీ అర్థం కావడం లేదు. మీ ఇద్దరికీ తెలిసినదేదో నాకు తెలియదు, అంతవరకే తెలుసు.

ఆ అమ్మాయి చెయ్యి మంచి చెయ్యి. జూన్‌లో నిజమైన ఓడలో, నిజమైన ప్లేటు వెనక నుంచి రెండు దెబ్బలు వినబడితే ఆ చెయ్యి ఆగాలి. ఆగేలా చెప్పడం నాకు చేతకాలేదు.

నెవియా

*

ఫజానా, ఏప్రిల్ 22

ప్రియమైన నెవియా, నా ప్రియమైన నెవియా,

ఈ మాట నీకు ఇంకోసారి రాసే హక్కు ఉంటుందో లేదో. అందుకని ఒకటి ఎక్కువ రాసుకున్నాను.

జవాబు వచ్చింది.

పదింటికి అయిదు నిమిషాలుంది. మూడు కొట్టాను. అరచెయ్యి ఆనించాను. ఏడు లెక్కపెట్టేసరికి రెండు దెబ్బలు వచ్చాయి, గట్టిగా, తేటగా. రొమానో మళ్లీ మొదలుపెట్టాడురా అనుకున్నాను. ఈసారి నన్ను పాకించలేవురా అనుకున్నాను. ఆకలి కూడా వేస్తోంది. వెలిగించాను.

రొమానో ఆ గంటంతా ఒడ్డున క్రేను కింద ఉన్నాడు. యాభై మంది చూశారు. నాకది తర్వాత తెలిసింది. అంతకంటే ముందే, ప్లేటు అవతల నుంచి ఆ చప్పుడు వచ్చినప్పుడే, తెలియాల్సింది తెలిసింది.

ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చి ట్యాంకులోకి దిగింది రొమానో. లుచానోను బయటికి మోసింది వాడు. వాడి అరచేతుల మీద మచ్చలు ఇప్పటికీ ఉంటాయి, చూడు. లుచానో ప్లేటు పక్కనే పడి ఉన్నాడు. రంగు పూసేవాడి చేతిలో బ్రష్ ఉండాలి. వాడి చేతిలో పాత రంగు గీకే బిళ్ల ఉంది, ప్లేటును కొట్టడానికి పిడి ముందుకు తిప్పి. రొమానో అది చూశాడు. ఏం జరిగిందో వాడికి అక్షరం అక్షరం తెలుసు.

విచారణలో నేను "జవాబు రాలేదు" అన్నప్పుడు వాడు నా ఎదురుగానే ఉన్నాడు. నా వెనక బెంచీ మీద మీ అమ్మ నల్లబట్టల్లో ఉంది, ఆమె పక్కన నువ్వు కాళ్లు ఊపుతున్నావు. వాడు మీ ఇద్దర్నీ చూశాడు. నోరు మూసుకున్నాడు. స్టోరుకు పోయి పదిహేనేళ్లు మేకులు లెక్కపెట్టాడు. ఆ తర్వాత వాడు ఎవర్నీ ఆటపట్టించగా నేను చూడలేదు.

నేనేం చేశాను? వాణ్ని తిట్టాను. ముప్పై ఏడేళ్లు, ప్రతి రోజూ, కార్డులాటలో, గ్రంథాలయంలో, మీ అమ్మ ముందు, నీ ముందు. పన్నెండు సంపుటాలు చదివాను, నా పేజీ ఒక్కటి వదిలేసి. వాడి ఆట తప్పే, కాపలా పెట్టకపోవడం తప్పే. కానీ ఆ చెయ్యి నాది. వాణ్ని తిట్టడం మానితే ఆ చెయ్యి ఎవరిదని అడగాల్సి వస్తుందని మానలేదు.

మీ అమ్మకు చెప్పలేదు. ఆమె పోయేముందు కూడా చెప్పలేదు. అందుకు నన్ను క్షమించమని నిన్ను అడగను. ఆ క్షమాపణ నీ చేతిలో లేదు, ఆమె తనతో తీసుకుపోయింది.

మొన్న మీ బడిలో నా అరచేతికి తగిలిన రెండు దెబ్బలు ఈ ముప్పై ఏడేళ్లుగా తగులుతున్నవే. ఒక్కటే తేడా, ఈసారి చెయ్యి ఆగింది. మీ యంత్రాన్ని తిట్టాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నాకు రెండోసారి అవకాశం ఇచ్చింది, లుచానోకు ఇవ్వలేకపోయింది. తేయాకు మాత్రం ముందే ఇచ్చింది. దాన్ని తీసేయనివ్వకు.

డైరెక్టరమ్మకు ఇవ్వాల్సిన పేజీ దీనితో ఉంది. సంతకం పెట్టాను. చేతి వేళ్లకు ఏ నొప్పీ లేదు, ఎప్పుడూ లేదు. రొమానో మీద పడిన మాట తప్పని అందులో రాశాను. పోర్తిచ్ పాతవాళ్ల సంఘానికి ఒక నకలు పంపాను. ఎవడైనా నన్ను చూసి ఉమ్మితే ఉమ్మనీ.

29న, సోమవారం, పదింటి బస్సుకు వస్తాను. పదిమందినీ కూర్చోబెట్టు. రొమానో ఉండాలి, మొదటి వరసలో ఉండాలి. ఇదంతా వాడి ముందు, వాళ్లకు నా నోటితో చెబుతాను. అద్దాల్లో ఎవరు చస్తారని తేయా అడిగింది కదా, జవాబు చెబుతాను. ఆ తర్వాత జూన్ 10 దాకా, మీరు వద్దనేదాకా, రోజూ వచ్చి వాళ్ల చేతులు ప్లేటుకు ఆనించి లెక్కపెట్టిస్తాను.

బస్టాండుకు రాకు. నువ్వు వస్తావో రావో అని దారంతా చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. నేనే వచ్చి మీ తరగతి తలుపు మూడుసార్లు కొడతాను. నాకు వినబడదు కాబట్టి అరచెయ్యి తలుపుకు ఆనించి ఉంచుతాను. ఏమీ రాకపోతే ఇరవై లెక్కపెట్టి లోపలికొచ్చి, పిల్లలకు చెప్పాల్సింది చెప్పి పోతాను. నువ్వు అవతల ఉండి రెండు దెబ్బలు కొడితే ఆగుతాను. ఈసారి ఆగుతాను. నువ్వే తలుపు తీసేదాకా అక్కడే నిలబడతాను.

జ్వానే
(కింద ‘నాన్న’ అని రాయలేదు. ఆ మాట నువ్వు రాయాలి.)